పని పోయాక ఈఎస్ఐ డబ్బుల కోసం 5 నెలలు తిరిగినాను, కడాకు దారి చూపించింది ఈ నెట్ సెంటర్ (అనంతపురం)

నవంబర్ 8న నా పని పోయింది. ఈఎస్ఐలో, అంటే మన జీతంలో కోసుకుని నడిపే కార్మికుల బీమాలో, ఇచ్చే నిరుద్యోగ భత్యం నా బ్యాంకు అకౌంట్లో పడింది ఏప్రిల్ 11న. ఈ మధ్యలో జరిగిందంతా రాస్తున్నాను, ఎందుకంటే మా ఫ్యాక్టరీలో నాతో పాటు తీసేసిన ఆడోళ్ళలో సగం మందికి అసలు ఇట్లాంటి డబ్బు ఒకటి ఉండాదనే తెలీదు, తెలిసినోళ్ళేమో ఒకసారి రిజెక్ట్ అయితే మనకు రాదులే అని వదిలేసినారు.

ఇది అనంతపురం సుభాష్ రోడ్డు వెనక సందులో ఉండే ఒక చిన్న నెట్ సెంటర్ గురించి రివ్యూ. నడిపే ఆయన్ను పేరు రాయొచ్చా అన్నా అని అడిగితే వద్దమ్మా అన్నాడు, పేరు బయటికి పోతే ఏజెంట్లు కట్టలు కట్టలు కాగితాలు తెచ్చి కూర్చుంటారు, మామూలోళ్ళకు టైం ఇవ్వలేను అన్నాడు. ఆయన మాట మీద పేరు రాయడం లేదు. కింద జిరాక్స్ మిషన్, లోపల రెండు కంప్యూటర్లు, గోడకు ఆధార్, పాన్, పీఎఫ్, ఈఎస్ఐ అని చేత్తో రాసిన అట్ట. బయట నుంచి చూస్తే పది సెంటర్లలో ఇదొకటి అనుకుంటారు.

మాది అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం. గార్మెంట్స్‌లో నాలుగేళ్ళు చేసినాను, మొదట టైలర్‌గా, తర్వాత చెకింగ్‌లో. పొద్దున 7 కి కంపెనీ బస్సు, రాత్రి 7 కి ఇంటికి. జీతం మొదట 11,800, పోయిన రెండో ఏడాది 13,200 చేసినారు. పే స్లిప్పులో ఈఎస్ఐ అని నెలకు 99 రూపాయలు కట్ అయ్యేది. జీతంలో నూటికి ముక్కాలు రూపాయి మనది, మూడుంపావు కంపెనీది, అంటే నా పేరు మీద కంపెనీ కూడా నెలకు 429 కట్టాలన్న మాట. ఇదంతా నాకు అప్పట్లో తెలీదు. ఈఎస్ఐ అంటే ఆస్పత్రి కార్డు, జ్వరమొస్తే మందులిస్తారు, కాన్పుకు డబ్బులిస్తారు, అంతే అనుకునేదాన్ని.

దీపావళి అయిపోయినాక ఆర్డర్లు తగ్గినాయని ఒక లైను మొత్తం ఆపేసినారు. హెచ్ఆర్‌లో ఒక అమ్మాయి పిలిచి రేపట్నుంచి రావద్దు అక్కా, మళ్ళీ ఆర్డర్ వస్తే ఫోన్ చేస్తాం అనింది. కాగితం ఏమీ ఇవ్వలేదు. మా ఆయన బేల్దారి పని, ఆ నెల వానలకు ఆయనకీ పని అంతంత మాత్రమే. పాప టెన్త్. స్కూల్ ఫీజు రెండో కిస్తు కట్టాల. చెవులవి బ్యాంకులో పెట్టినాను. అప్పుడు మా లైన్లో చేసిన ఒకామె ఫోన్ చేసి, మనకు మూడు నెలలు సగం జీతం వస్తాదంట, మా తమ్ముడు చెప్తాండాడు అనింది.

ఇంట్లో చెప్తే మా అత్త, ఎలక్షన్లప్పుడు చెప్పిన నిరుద్యోగ భృతేమో, అది మనకెందుకిస్తారు, చదువుకున్న పిల్లోళ్ళకు కదా అనింది. చాలా మంది ఇట్లే కలిపేసుకుంటున్నారు. అది వేరే, ఇది వేరే. 2018 అక్టోబర్లో మన రాష్ట్రంలో యువనేస్తం అని నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చినారు, అది రాష్ట్ర ప్రభుత్వం స్కీం. నేను చెప్పేది ఈఎస్ఐ స్కీం, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన, ఇది కూడా 2018లోనే, జూలై 1న మొదలైంది, తర్వాత గడువు పొడిగిస్తూ వస్తున్నారు. మన జీతంలో కోసుకున్న డబ్బుతో నడిచేది ఇది. ఎవురో దయ తలిచి ఇచ్చేది కాదు, ఈ ఒక్క ముక్క నాకు నవంబర్లోనే ఎవరన్నా గట్టిగా చెప్పుంటే నేను ఒక్కో టేబుల్ దగ్గర అట్ల తల వంచుకుని నిలబడేదాన్ని కాదు.

మొదట పోయింది ఈ సెంటర్‌కు కాదు, ఒక ఏజెంట్ దగ్గరికి. ఎవరని చెప్పను. పీఎఫ్, ఈఎస్ఐ అన్నీ నేను తెప్పిస్తా, వచ్చిన దాంట్లో నూటికి 30 నాకియ్యాల అన్నాడు. 20 రూపాయల స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్ కావాల, నోటరీ కావాల అని ముందుగానే 500 తీసుకున్నాడు. ఆధార్ ఒరిజినల్ తీసుకున్నాడు. నా ఫోన్‌కు ఓటీపీలు వస్తుంటే ఫోన్లో చదివి చెప్పించుకున్నాడు. నేను అన్నీ చెప్పినాను, భయమే లేదు ఆ టైంలో, డబ్బు వస్తే చాలు అన్నట్టు ఉన్నాను. మూడు వారాలు అయినా ఏమీ లేదు. ఫోన్ చేస్తే సర్వర్ బిజీ, ఇంకోసారి చేస్తే ఎత్తడు. ఆధార్ వెనక్కి తీసుకోడానికే నేను రెండుసార్లు ఆటోలో టవర్ క్లాక్ దాకా వచ్చి ఎండలో నిలబడినాను.

ఆ రెండోసారి ఆధార్ తీసుకుని జిరాక్స్ కోసం ఊరికే ఈ సెంటర్లోకి పోయినాను. జిరాక్స్ తీస్తా తీస్తా ఆయన నా మొఖం చూసి ఏమమ్మా అట్లున్నావు అన్నాడు. యాభై ఏళ్ళు ఉంటాయి ఆయనకు, అప్పటి దాకా ఆయనెవరో నాకు తెలీదు. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చింది, నిజంగా. కూర్చోబెట్టి నీళ్ళిచ్చినాడు. విషయం చెప్తే, ఇన్సూరెన్స్ నంబర్ తెలుసా అన్నాడు. పాత ఈఎస్ఐ కార్డు పర్సులో ఉండాది, దాని మీద 10 అంకెల నంబర్.

అది ఈఎస్ఐ సైటులో కొట్టి, కొత్త పాస్‌వర్డ్ పెట్టించి, లోపలికి పోయి ఒక లిస్టు తెరిచినాడు. కాంట్రిబ్యూషన్ హిస్టరీ అంట. ఏ నెలలో ఎన్ని రోజులు పని చేసినాము, ఎంత జీతం, ఎంత కట్ అయింది, అన్నీ నెల నెలకూ ఉన్నాయి. నా నాలుగేళ్ళ కష్టం అంతా ఆ లిస్టులో వరసగా చూస్తే ఏదోలా అనిపించింది. పాపకు డెంగీ వచ్చినప్పుడు నేను పోని 11 రోజులు కూడా కనిపిస్తాండాయి.

ఆయన వేలు పెట్టి నవంబర్ చూపించినాడు. 7 రోజులు. బాగానే ఉంది. కిందకి వచ్చి డిసెంబర్. సున్నా రోజులు. పక్కన కారణం లీవ్ అని ఉంది. 

"చూడమ్మా, మీ కంపెనీ వాళ్ళు నువ్వు పని మానేసినావని చెప్పలేదు, లీవులో ఉండావని పెట్టినారు. కంప్యూటర్ లెక్కలో నువ్వు ఇంకా ఉద్యోగంలోనే ఉండావు. పని ఉన్నోళ్ళకు నిరుద్యోగ డబ్బులు ఎట్ల ఇస్తారు" అన్నాడు.

ఏజెంట్ మూడు వారాలు ఏం చేసినాడో నాకు తెలీదు గానీ ఈయన దాన్ని నాలుగు నిమిషాల్లో పట్టుకున్నాడు. కంపెనీ ప్రతి నెలా 15 వ తేదీ లోపల పోయిన నెల లెక్క ఈఎస్ఐకి పంపాల. సున్నా రోజులు పెడితే ఎందుకు సున్నా అని కారణం ఒకటి ఎంచాల, లీవ్, సర్వీస్ వదిలేసినారు, రిట్రెంచ్‌మెంట్ (మనుషులు ఎక్కువని కంపెనీ తీసేయడం), పని లేదు, సమ్మె ఇట్లా లిస్టు వస్తాదంట. సర్వీస్ వదిలేసినారు అని పెడితే చివరి పని రోజు కూడా రాయాల. మా హెచ్ఆర్‌లో అరవై మందికీ ఒకే కారణం కాపీ చేసినారు. పగతో చేసినారని నేను అనుకోను, అక్కడ కూర్చున్న పిల్ల కూడా జీతానికి వచ్చినదే. కానీ ఆ ఒక్క క్లిక్కుకు నేను రెండు నెలలు తిరిగినాను.

ఆయన ఆ రోజు ఇంకా కొన్ని చెప్పినాడు, నేను కాగితం మీద రాసుకున్నాను, మీకు పనికొస్తాయని ఇక్కడ పెడ్తాన్నాను. పని పోవడానికి ముందు కనీసం రెండేళ్ళు ఈఎస్ఐ కిందికి వచ్చే ఉద్యోగంలో ఉండాల. ఈఎస్ఐలో ఏడాదికి రెండు భాగాలు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి ఒకటి. పని పోయే ముందు భాగంలో 78 రోజులకు తగ్గకుండా కాంట్రిబ్యూషన్ ఉండాల, దానికి ముందున్న మూడు భాగాల్లో ఏదో ఒక దాంట్లో కూడా 78 రోజులు ఉండాల. తప్పు చేసినారని తీసేస్తే రాదు, రిటైర్ అయితే రాదు, తనంతట తాను ముందే రిటైర్మెంట్ (వీఆర్ఎస్) తీసుకుంటే రాదు. ముందు 90 రోజులు ఆగాల్సి వచ్చేదంట, ఇచ్చేది కూడా రోజు కూలిలో నాలుగో వంతే. కరోనా వచ్చిన 2020లో దాన్ని సగానికి పెంచి, 30 రోజులు ఆగితే చాలు అన్నారు, కంపెనీ సంతకం లేకుండా మనమే నేరుగా పెట్టుకోవచ్చు అన్నారు. జీవితం మొత్తం మీద 90 రోజులకే వస్తాది.

స్టాంప్ పేపర్ సంగతి అడిగితే ఆయనకు కోపమే వచ్చింది. ఆ అఫిడవిట్ 2020 నవంబర్లోనే తీసేసినారమ్మా, ఆన్‌లైన్లో ఆధార్, బ్యాంకు కాగితం స్కాన్ చేసి పెడితే చాలు, ఐదేళ్ళ కిందటి రూలు చెప్పి ఇంకా డబ్బు లాగుతాండారు అన్నాడు. నా 500 పోయినట్టే.

ఇంకోటి కూడా చెప్పినాడు, ఇది చాలా మందికి తెలీదు. ఫ్యాక్టరీ మూసేసినా, చట్ట ప్రకారం రిట్రెంచ్‌మెంట్ చేసినా దానికి 2005 నుంచి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అని వేరే స్కీం ఉండాది, దాంట్లో రెండేళ్ళ దాకా ఇస్తారు, మొదటి ఏడాది సగం, రెండో ఏడాది పావు. కానీ దానికి రిట్రెంచ్‌మెంట్ అని కంపెనీ కాగితం కావాల. మాకు నోటి మాటే కదా చెప్పింది. నీ దగ్గర కాగితం లేదు, ముందు చేతికి అందేది చూద్దాం అన్నాడు. అది నాకు నచ్చింది, లేని ఆశ పెట్టలేదు.

తర్వాత కంపెనీకి ఒక లెటర్ రాసిచ్చినాడు. తెలుగులోనే, ఒక పేజీ. నా పేరు, ఇన్సూరెన్స్ నంబర్, చివరిగా పని చేసిన రోజు నవంబర్ 8, డిసెంబర్ లెక్కలో లీవ్ అని పడింది, దయచేసి సరి చేయండి అని. చేత్తో ఇచ్చి ఇంకో కాపీ మీద సంతకం, సీలు వేయించుకో, వేయకపోతే స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచిపెట్టుకో అన్నాడు. నేను పోతే సెక్యూరిటీ దగ్గరే గంటన్నర నిలబెట్టినారు. నాలుగేళ్ళు రోజూ నవ్వుతా లోపలికి పంపిన ఆయనే, ఆ రోజు పాపం మొఖం చాటేసినాడు. సీలు వేయలేదు. పోస్ట్ చేసినాను. ఇంకా ముగ్గురు ఆడోళ్ళ చేత కూడా అదే లెటర్ వాళ్ళ నంబర్లతో పంపించినాను, దానికి జిరాక్స్ డబ్బులు తప్ప అన్న ఏమీ తీసుకోలేదు. నాలుగు లెటర్లు ఒకేసారి పోయేసరికి ఫోన్ వచ్చింది. జనవరి లెక్క పంపేటప్పుడు సర్వీస్ వదిలినట్టు పెట్టినారు, ఫిబ్రవరి 15 దాటినాక చూస్తే నా చివరి తేదీ నవంబర్ 8 అని కనపడింది. ఆ రోజు సెంటర్ పక్కన హోటల్లో ఉగ్గాని బజ్జీ తిన్నాము, నేనూ మా లైన్ ఆమె. పని పోయినాక బయట తినింది అదే మొదలు.

అక్కడితో అయిపోలేదు.

ఆధార్‌లో నా పేరు పెళ్ళైనాక మార్పించుకున్నాను, మా ఆయన ఇంటి పేరుతో ఉంది. ఈఎస్ఐలో చేరినప్పుడు నా టెన్త్ సర్టిఫికెట్ ఇచ్చినాను, దాంట్లో మా నాయన ఇంటి పేరు. రెండూ కలవడం లేదు. ఇది ఆడోళ్ళందరూ చూసుకోవాల్సిన విషయం. ఉద్యోగంలో ఉన్నప్పుడే పే స్లిప్పు, ఈఎస్ఐ, పీఎఫ్, ఆధార్, బ్యాంకు అన్నిట్లో పేరు ఒకే మాదిరి ఉండాదా చూసుకోండి, ఇనిషియల్ ముందుందా వెనకుందా అనేది కూడా. ఉద్యోగంలో ఉన్నప్పుడు హెచ్ఆర్‌కు చెప్తే ఒక రోజులో అయ్యే పని, బయటికి వచ్చినాక మన ఫోన్ ఎత్తేవాళ్ళు ఉండరు. పైగా నా ఆధార్‌కు లింక్ అయిన ఫోన్ నంబర్ మా ఆయన పాత సిమ్, అది ఎప్పుడో పోయింది. ఓటీపీ ఎక్కడికో పోతాంది. ఆధార్ సెంటర్లో నంబర్ మార్చడానికి వేలిముద్ర పెడితే పడదు, నాలుగేళ్ళు గుడ్డ రుద్ది రుద్ది నా వేళ్ళు అరిగిపోయినాయి. మూడోసారి కంటి స్కాన్‌తో పడింది.

మధ్యలో ఎవరో చెప్తే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దామని కూడా పోయినాను. లోపల కూర్చున్న ఆయన మర్యాదగానే చెప్పినాడు, అమ్మా ఇది కేంద్రం కిందది, మేము పంపగలము గానీ మా చేతిలో లేదు అని. ఒక రోజు పోయింది. నెట్ సెంటర్ అన్నను ముందే అడిగుంటే చెప్పేవాడు, ఆయన షాపు సోమవారం కిటకిటలాడతాదని నేనే అడగలేదు.

ఫిబ్రవరి చివర్లో క్లెయిం పెట్టినాము. ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ, పేరు మార్పు కాగితం స్కాన్ చేసి పెట్టినాడు. పెట్టే ముందు నా చేత ప్రతి బాక్సు చదివించినాడు. నాకు ఇంగ్లీష్ సరిగ్గా రాదన్నా, ఒక్కో అక్షరం చూడమ్మా, ఇది నీ డబ్బు, తప్పుంటే నీకే నష్టం అన్నాడు. రిఫరెన్స్ నంబర్ ప్రింట్ తీసి, వెనకాల పాస్‌వర్డ్ నా చేత రాయించి, ఇది నాకు కూడా చెప్పొద్దు అన్నాడు. ఏజెంట్ ఏం చేసినాడో గుర్తు తెచ్చుకోండి. అతను నా ఈఎస్ఐ అకౌంట్లో తన ఫోన్ నంబర్ పెట్టుకున్నాడని ఆ రోజే తెలిసింది, అందుకే నాకు ఒక్క మెసేజ్ కూడా రాలేదు ఇన్నాళ్ళు.

క్లెయిం అందినాక 15 రోజుల్లో తేల్చాలని రూలు. 15 పోయినాయి, 20 పోయినాయి. ఎవరి టేబుల్ మీద ఆగిందో రాయను, నాకు గొడవ వద్దు. అడిగితే ప్రాసెస్‌లో ఉంది అంటారు. నాలుగోసారి అడిగితే అప్పుడు చెప్పినారు, బ్యాంకు కోడ్ సరిగ్గా లేదని. మా బ్యాంకు వేరే బ్యాంకులో కలిసింది కదా, నా పాస్‌బుక్కు పాతది, దాని మీద పాత ఐఎఫ్ఎస్సీ ఉంది. ఇది అన్న కూడా చూసుకోలేదు. ఇక్కడ నాకు ఆయన మీద కొంచెం బాధేసింది. ఆయన చూసుకుని ఉంటే మూడు వారాలు మిగిలేవి. పోయి చెప్తే సాకు చెప్పలేదు, నా తప్పేనమ్మా, కొత్త పాస్‌బుక్ అడగాల్సింది అని చెప్పి, ఆ రోజు చేసిన పనికి డబ్బు తీసుకోలేదు. బ్యాంకులు కలిసిపోయిన వాళ్ళు, మీ పాస్‌బుక్ ఏ సంవత్సరందో చూసుకోండి.

కోడ్ మార్చినాక కూడా వారం కదలకపోతే, అప్పుడు కేంద్ర ప్రభుత్వం ఫిర్యాదుల పోర్టల్లో పెట్టినాడు. దీన్ని సీపీగ్రామ్స్ అంటారు, ఎవరైనా పెట్టొచ్చు, డబ్బు ఏమీ కట్టే పని లేదు. మామూలుగా 21 రోజుల్లో తేల్చాల. పెట్టేటప్పుడు కోపంగా రాద్దామని నేను అన్నాను, నా నోటికి వచ్చినవన్నీ చెప్పినాను. ఆయన అవేమీ రాయలేదు. తేదీలే రాసినాడు. పని పోయిన తేదీ, కంపెనీ సరి చేసిన తేదీ, క్లెయిం తేదీ, రిఫరెన్స్ నంబర్, కోడ్ మార్చిన తేదీ, ఇప్పటికి ఎన్ని రోజులు. ఆరు లైన్లు. చదివేవాడికి మన బాధ కన్నా తేదీలు తొందరగా అర్థమవుతాయి తల్లీ అన్నాడు. ఈఎస్ఐ టోల్ ఫ్రీ నంబర్ 1800 11 2526 కూడా రాసిచ్చినాడు, నేను రెండుసార్లు చేసినాను, ఒకసారి కలిసింది.

పన్నెండో రోజు మెసేజ్ వచ్చింది. 17,900 చిల్లర.

ఈ లెక్క ఎట్ల వచ్చిందో ఆయన ముందే కాగితం మీద వేసి చూపించినాడు కాబట్టి నాకు అనుమానం రాలేదు. వెనకటి నాలుగు భాగాల్లో, అంటే రెండేళ్ళలో నాకు వచ్చిన జీతం మొత్తం కూడి 730 తో భాగిస్తారు. నాది, పనికి పోని రోజులు తీసేస్తే, 2,91,000 చిల్లర. రోజుకు 398 పడింది. దాంట్లో సగం 199. దాన్ని 90 తో గుణిస్తే సరిపోయింది. నెల జీతంలో సగం గదా, మూడు నెలలకు ఇరవై వేలు రావాల అని గొడవ పడే వాళ్ళున్నారు, పాత జీతం తక్కువున్న నెలలు కూడా కలుస్తాయి, సెలవులు పెట్టిన రోజులు తగ్గుతాయి, అందుకే మనం అనుకున్నదాని కన్నా తగ్గుతాది. ముందే వేసుకుంటే మనసు కష్టపెట్టుకునే పని ఉండదు.

నేను సెంటర్‌కు మొత్తం ఇచ్చింది 430 రూపాయలు. హిస్టరీ చూడ్డానికి 50, క్లెయింకు 150, మిగతాది ప్రింట్లు, స్కాన్లు, పీఎఫ్ పని. ఏజెంట్‌కు ఇచ్చుంటే 5,400 దాకా పోయేది. అంత డబ్బు మా పాప పరీక్ష ఫీజు, పుస్తకాలు, ఇంకా మిగుల్తాది.

పీఎఫ్ అన్నాను కదా, అది కూడా చెప్తాను. అక్కడ కూడా కంపెనీ నా ఎగ్జిట్ తేదీ, అంటే పని వదిలిన తేదీ, పెట్టలేదు. చివరి కాంట్రిబ్యూషన్ పడి రెండు నెలలు దాటితే మనమే ఆధార్ ఓటీపీతో పెట్టుకోవచ్చు, కంపెనీ చుట్టూ తిరగాల్సిన పని లేదు. అన్న ఐదు నిమిషాల్లో చేయించినాడు. మొత్తం తీసేయమంటావా అని అడిగి, మళ్ళీ ఉద్యోగం వచ్చేట్టుంటే ఉంచుకో, సర్వీస్ కలుస్తాది, పెన్షన్‌కు పదేళ్ళు కావాల అన్నాడు. నేను కొంచెమే తీసుకున్నాను. చెవులవి విడిపించినాను.

ఈ సెంటర్లో బాగలేనివి కూడా చెప్పాల. కూర్చోడానికి రెండే కుర్చీలు, టోకెన్ లేదు, గట్టిగా మాట్లాడేవాళ్ళు ముందు దూరిపోతారు, ఆడోళ్ళం వెనక నిలబడాల్సి వస్తాది. అందరి ముందే జీతం ఎంత, బ్యాలెన్స్ ఎంత అని పైకి చదువుతాడు, నాకు అది ఇబ్బందే, ఆయనకు చెప్పినాను కూడా, ఇప్పుడు కొంచెం మెల్లగా చదువుతాండాడు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఒక కంప్యూటర్‌కే. రసీదు ఇవ్వడు, అడిగితే చీటీ మీద రాసిస్తాడు. ఫోన్ చేస్తే ఎత్తడు, మనిషి పోవాల్సిందే, బుక్కరాయసముద్రం నుంచి పోయి రావడానికి నాకు ఆటోకే 40 అయ్యేది, తిరిగిన సార్లన్నీ లెక్కేస్తే అది కూడా తక్కువేమీ కాదు. ఆ పాస్‌బుక్ విషయం ఒకటి. వీటికి ఒక స్టార్ తగ్గించి నాలుగు ఇస్తున్నాను.

మిగతా నాలుగు ఎందుకంటే, ఆయన రిజెక్ట్ అని రాసున్న చోట ఆగిపోడు, ఎందుకు రిజెక్ట్ అని చదువుతాడు. నేను తిరిగిన చోట్ల ఇంకెవరూ ఆ పని చేయలేదు. మళ్ళీ పెడదాం, సర్వర్ బాగలేదు, పైనుంచి రావాల, ఇవే మాటలు. ఈయన స్క్రీన్ నా వైపు తిప్పి, ఇదిగో ఇక్కడ ఆగింది, దీనికి ఫలానా వాళ్ళను అడగాల అని చెప్పినాడు. చదువు తక్కువున్న మనిషికి ఎవరన్నా స్క్రీన్ తిప్పి చూపించడం ఎంత పెద్ద విషయమో అది లేక తిరిగినోళ్ళకే తెలుస్తాది.

మా లైన్ వాళ్ళల్లో ఇప్పటికి ఆరు మందిని తీసుకపోయినాను. నలుగురికి పడినాయి. ఒకామెకు 78 రోజులు తగ్గినాయి, కాన్పు తర్వాత ఆలస్యంగా చేరింది, ఆమెకు రాదని అన్న మొదటి రోజే చెప్పేసి 50 కూడా తీసుకోలేదు. ఇంకొకామెకు ఇంకా డిసెంబర్లో లీవ్ అనే ఉండాది, కంపెనీకి లెటర్ పోయిన వారం స్పీడ్ పోస్ట్ చేసినాము, రసీదు నా దగ్గరే ఉంది.

పోయేవాళ్ళు ఆధార్ ఒరిజినల్, ఆధార్‌కు లింక్ అయిన సిమ్ ఉండే ఫోన్, ఈఎస్ఐ కార్డు గానీ పే స్లిప్పు గానీ, కొత్త పాస్‌బుక్ తీసుకుపోండి. పొద్దున 10 లోపల పోతే ఖాళీగా ఉంటాడు. మధ్యాహ్నం 2 నుంచి 3 దాకా షట్టర్ వేస్తాడు, ఆదివారం తీయడు.